ఏనుగు చవగ్గా వచ్చిందని...

ఆదివారం పొద్దున్నే ఆరింటికి ఫోన్ మోగిందంటే రెండే కారణాలుంటాయి. ఒకటి రాంగ్ నంబర్. రెండోది మా చిన్న బామ్మర్ది.

"బావా, కారు చూశాను" అన్నాడు, హలో కూడా అనకుండా.

"మంచిదేగా. ఏ కారు?"

ఒక జర్మనీ కంపెనీ పేరు చెప్పాడు. నా చేతిలో కాఫీ తొణికింది. మావాడికి ఖమ్మంలో మందుల షాపు ఉంది. పాత స్కూటరు, దానికంటే పాతదైన ఓ చిన్న కారు ఉన్నాయి. కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఈమధ్యే ఊరి చివర స్థలం అమ్మితే పన్నెండు లక్షలు చేతికొచ్చాయి. ఆ డబ్బు పిల్ల ఇంజినీరింగ్‌కని మా చెల్లెమ్మ అనుకుంటోంది. మావాడు ఇంకేదో అనుకుంటున్నాడని అప్పుడే తెలిసింది.

"కొత్తప్పుడు యాభై లక్షల పైమాట బావా. ఇప్పుడు తొమ్మిదికే ఇస్తానంటున్నాడు. 2013 మోడల్. తిరిగింది అరవై ఎనిమిది వేల కిలోమీటర్లే. నువ్వు హైదరాబాద్‌లోనే ఉన్నావుగా, ఓసారి చూడు. నాన్నని ఒక్కసారైనా అలాంటి కారులో వెనక సీట్లో కూచోబెట్టాలి."

ఆ ఆఖరి మాటతో నేను మెత్తబడ్డాను. మా మామగారు ముప్ఫై రెండేళ్లు ఆర్టీసీలో డ్రైవరు. ఊళ్లకు ఊళ్లనే గమ్యం చేర్చిన మనిషి. ఇంకొకరు నడుపుతుంటే హాయిగా వెనక కూర్చున్నది మాత్రం ఎప్పుడూ లేదు. కొడుక్కి ఆ కోరిక ఉండటంలో తప్పేముంది?

సరే, చూద్దామన్నాను. నాకు కార్ల గురించి తెలిసింది తక్కువ. అందుకే ఖైరతాబాద్ వైపు షెడ్డు పెట్టుకున్న ఒక మెకానిక్ భాయ్‌ని వెంటబెట్టుకున్నాను. ఇలాంటి కార్ల మీదే పాతికేళ్లు చేయి తిరిగిన మనిషి.

కారు ధగధగా మెరుస్తోంది. నల్లరంగు. అద్దంలో చూసుకోనక్కర్లేదు, డోర్‌లో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అమ్మకందారు మాకు టీలు తెప్పించాడు. భాయ్ టీ తాగలేదు, మెరుపూ చూడలేదు. తిన్నగా లోపలికి దూరి బ్రేక్ పెడల్ మీది రబ్బరు తడిమాడు. అంచులు అరిగి నున్నగా అయిపోయింది. స్టీరింగ్ మీది తోలు అద్దంలా నిగనిగలాడుతోంది. డ్రైవర్ సీటు పక్క అంచు నలిగి కుంగిపోయింది.

"అరవై ఎనిమిది వేలకి ఇంత అరగదు సార్" అన్నాడు నెమ్మదిగా. "మీటర్‌కి నోరు లేదు. ఎవరు ఏం చెప్పిస్తే అదే చెప్తది."

తర్వాత సీటు బెల్టును పూర్తిగా, చివరిదాకా బయటికి లాగాడు. ఎందుకో అర్థం కాలేదు. చివరి జానెడు మీద సన్నగా మట్టి చార ఉంది. బెల్టు పైకి కనపడేంత వరకే అందరూ కడుగుతారు. లోపల చుట్టుకుని ఉన్న భాగాన్ని ఎవరూ కడగరు. నీళ్లలో మునిగిన బండి ఆ గుట్టు అక్కడే దాచుకుంటుందట. 2015 డిసెంబరులో చెన్నై మునిగినప్పుడు, 2020 అక్టోబరులో మన హైదరాబాద్ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్లపాలయ్యాయో మనం చూశాం. అలాంటివి శుభ్రంగా ముస్తాబై ఏదో ఒక రోజు ఏదో ఒక ఊళ్లో అమ్మకానికి నిలబడొచ్చు. కార్పెట్ కింద ముక్క వాసన, సీటు పట్టాల మీద తుప్పు కూడా చూసుకోవాలి. ఈ కార్లలో వైర్లూ, కంప్యూటర్ పెట్టెలూ ఎక్కువ. కొన్నిట్లో అవి సీట్ల కిందా, కార్పెట్ కిందా కూడా ఉంటాయి. తడిస్తే ఆరాక బాగానే పనిచేస్తాయి, ఆర్నెల్లకో ఏడాదికో ఒక్కొక్కటే మొరాయిస్తాయి.

ఇన్సూరెన్స్ కాగితం అడిగాం. అందులో నో క్లెయిమ్ బోనస్ దగ్గర సున్నా ఉంది. ఇదొక మంచి ఆనవాలు. ఏటా క్లెయిమ్ చేయకుండా ఉంటే 20 శాతంతో మొదలై, అయిదేళ్లకు 50 శాతం దాకా ఆ బోనస్ పెరుగుతుంది. ఇంత పాత బండికి సున్నా ఉందంటే, దాదాపుగా నిరుడు ఏదో పెద్ద రిపేరుకు క్లెయిమ్ తీసుకునే ఉంటారు. ఎందుకని అడిగితే అమ్మకందారు "చిన్న గీత సార్" అన్నాడు.

ఆఖరికి భాయ్ తన ల్యాప్‌టాప్ తీసి స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కు తగిలించాడు. ఇలాంటి చాలా కార్లలో తిరిగిన దూరం ఒక్క మీటర్‌లోనే నమోదు కాదు. ఇంజిన్, గేర్‌బాక్స్‌లాంటి వాటి కంప్యూటర్లలోనూ ఎక్కడో ఓ చోట ఆ అంకె ఉండిపోతుంది. మీటర్ తిప్పినవాడు అన్నీ తిప్పడం మర్చిపోతాడు. గేర్‌బాక్స్ చెప్పిన లెక్క: 1,61,000.

"అది కంప్యూటర్ మిస్టేక్ సార్" అన్నాడు అమ్మకందారు. తొణకలేదు, బెణకలేదు.

ఇంకో సంగతి. ఆ కారు నంబరు ఢిల్లీది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. 2025లో అదే కోర్టు కొంత సడలింపు ఇచ్చింది కానీ, ఈలోగా అక్కడి పెద్ద కార్లు ఎన్నో చవగ్గా వేరే రాష్ట్రాలకు తరలిపోయాయి. అలా వచ్చిన ప్రతి కారూ చెడ్డదని కాదు. అయితే అక్కడి ఆర్టీవో ఇచ్చిన ఎన్‌వోసీ కావాలి. ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, నంబరు మార్చుకోవాలి. బండి మీద బ్యాంకు అప్పుంటే అది తీరినట్టు పత్రం కావాలి. ఇవన్నీ లెక్కేశాక చూస్తే తొమ్మిది తొమ్మిదిలా ఉండదు.

మావాడికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అయితే ఇంకోటి ఉంది బావా. కానీ అది లక్షా నలభై రెండు వేలు తిరిగింది" అన్నాడు, ఏదో ఆ పిల్లకి కాస్త వయసెక్కువ అన్నట్టు.

ఆ రెండో కారు ఒక డాక్టరుగారిది. 2014 మోడల్. పదకొండు లక్షలు చెప్పారు. ఆయన కారు కంటే ముందు ఒక లావుపాటి ఫైలు బయటికి తెచ్చారు. తొలి సర్వీసు నుంచి నిన్నమొన్నటి దాకా ప్రతి బిల్లూ తేదీల వారీగా ఉంది. కిలోమీటర్ల అంకె ఒక బిల్లు నుంచి ఇంకో బిల్లుకు మెట్లెక్కినట్టు పెరుగుతూ పోయింది. ఎక్కడా వెనక్కి జారలేదు. ఆయన వారం వారం విజయవాడ వెళ్లొస్తారట. హైవే మీద ఒకే వేగంతో సాగిన లక్ష కిలోమీటర్లు, ఊళ్లో ట్రాఫిక్‌లో ఆగుతూ సాగుతూ నలిగిన యాభై వేల కంటే ఇంజిన్‌కి తేలికంటాడు భాయ్.

ఫైల్లో ఆయన ముందుగా వెతికింది గేర్‌బాక్స్ ఆయిల్ బిల్లు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్‌ని జీవితాంతం మార్చనక్కర్లేదని కొన్ని కార్ల కంపెనీలు చెబుతూ వచ్చాయి. ఆ గేర్‌బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. ఎవరి జీవితాంతమో మనమే అర్థం చేసుకోవాలి! డాక్టరుగారు తొంభై వేల దగ్గర మార్పించారు. భాయ్ మొహంలో మొదటిసారి నవ్వు కనిపించింది.

"బండి మంచిది సార్" అన్నాడు. మరుక్షణమే "కానీ" అన్నాడు.

ఆ కారుకి చక్రాల దగ్గర ఇనుప స్ప్రింగుల బదులు గాలి తిత్తులుంటాయి. ఎయిర్ సస్పెన్షన్ అంటారు. రబ్బరు తిత్తుల్లోకి చిన్న పంపు గాలి కొడుతుంటుంది. గతుకుల రోడ్డు మీద కూడా పడవలో వెళ్తున్నట్టుంటుంది. రబ్బరు ముసలిదై సన్నగా గాలి పోవడం మొదలైతే, పంపు ఆగకుండా కొట్టీ కొట్టీ అది కూడా కాలిపోతుంది. ఒక బిల్లు రెండవుతుంది. డాక్టరుగారు వెనక రెండూ మార్పించారు. ముందువి పాతవే. రాత్రంతా నిలిపి ఉంచితే పొద్దున్నకి కారు కుడివైపు రెండు వేళ్లు కిందికి దిగుతోందని ఆయనే దాచకుండా చెప్పారు. వాటికి, నాలుగు టైర్లకి, బ్రేకు డిస్కులకి, ఇతర చిల్లర పనులకి కలిపి ఏడాదిలో మూడు లక్షలు చూసుకోమన్నాడు భాయ్.

అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. పాత కారు ధరని బజారు నిర్ణయిస్తుంది. దాని విడి భాగాల ధరని కంపెనీ నిర్ణయిస్తుంది. యాభై లక్షల కారు పదకొండు లక్షలకు దిగిందని, దాని హెడ్‌లైటు ధర కూడా అయిదో వంతుకు దిగదు. చింత చచ్చినా పులుపు చావదు. కూలీ కూడా అంతే. బీఎండబ్ల్యూ 2007లో తెచ్చిన ఎన్47 అనే డీజిల్ ఇంజిన్ ఉంది. అందులో టైమింగ్ చైన్ ఇంజిన్‌కి వెనకవైపు, గేర్‌బాక్స్ పక్కన ఉంటుంది. చైన్ ఎంత ఉంటుంది? చేతిలో పట్టేంత. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్సో ఇంజినో కిందికి దించాలి. ఆ చైన్ అరిగి తెగిన ఇంజిన్లు కూడా ఉన్నాయి. మనం కట్టేది ఆ వస్తువు ధర మాత్రమే కాదు, దాని దగ్గరికి చేరడానికయ్యే దారి ఖర్చు కూడా.

ఇంత విన్నా మావాడి మనసు డాక్టరుగారి కారు మీదే ఉంది. "మంచి బండేనని భాయే అన్నాడుగా" అన్నాడు. ఆ మాటా నిజమే. తేల్చుకోలేక మరుసటి ఆదివారం ఖమ్మం వెళ్లాను. మామగారు అరుగు మీద పేపరు చదువుకుంటున్నారు. మేం వాదించుకుంటుంటే అంతా విని, కళ్లజోడు తీసి అడిగారు.

"లక్షా నలభై వేలేగా తిరిగింది? నేను పది లక్షలు దాటిన బస్సు నడిపాను."

మావాడి మొహం వెలిగిపోయింది. "చూశావా బావా!"

"పూర్తిగా వినరా" అన్నారాయన. "ఆ బస్సు అన్నేళ్లు ఎట్లా నడిచింది? నా గొప్పతనం కాదు. రాత్రి డిపోలో పెట్టగానే మెకానిక్‌లు చూసేవాళ్లు. డ్రైవరు రాసిన ప్రతి కంప్లయింటూ పొద్దున్నకి సరిచేసేవాళ్లు. సామాను స్టోర్‌లో ఉండేది. బండికి కిలోమీటర్లు శత్రువు కాదురా. డిపో లేకపోవడం శత్రువు. ఇంతకీ నీ డిపో ఎక్కడుంది?"

మావాడు నోరు తెరిచి మళ్లీ మూశాడు. ఆ కంపెనీ వర్క్‌షాపు ఖమ్మంలో లేదు. హైదరాబాద్ రావాలి. దాదాపు రెండొందల కిలోమీటర్లు. బండి ఆగిపోతే లారీ మీద ఎక్కించుకు రావాలి. అది షెడ్డులో ఉన్నన్నాళ్లు ఇంట్లో ఇంకో కారు ఉండాలి. పాతదాన్ని అమ్మేసే ఇది కొందామనుకున్నాడు. పన్నెండులో పదకొండు కారుకు పోతే మిగిలేది ఒకటి. డిపో ఖర్చు మూడు. పిల్ల ఫీజు సంగతి ఎవరూ ఎత్తలేదు. వంటింటి గుమ్మంలో మా చెల్లెమ్మ నిలబడి ఉంది, అంతే.

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు పెద్దలు. కొనేటప్పుడు అది మనకి గొప్పగానే అనిపిస్తుంది. రోజూ మేత వెయ్యాల్సొచ్చినప్పుడు ఆ గొప్పే గుదిబండ అవుతుంది.

అలాగని ఇలాంటి కారు ఎవరూ కొనకూడదని నేననను. కొనేముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. బండితో పాటు బిల్లుల ఫైలు వస్తోందా? ధరలో పావు వంతైనా, వీలైతే మూడో వంతు, మొదటి ఏడాది రిపేర్లకని విడిగా పక్కన పెట్టగలమా? అది నెల రోజులు షెడ్డులో పడున్నా ఇంట్లో పని ఆగకుండా ఉంటుందా? మూడింటికీ అవునని జవాబొస్తే నిశ్చింతగా కొనుక్కోండి. కొన్నాక 14 రోజుల్లోగా ఇన్సూరెన్స్ మీ పేరుకు మార్పించుకోవడం మర్చిపోకండి. అమ్మినాయన బోనస్ ఆయనతోనే పోతుంది, బండితో రాదు. ఒక్కదానికి కాదని వచ్చినా, ఎదురుగా ఉన్నది చవక బేరం కాదు, ఖరీదైన కారుకి కట్టే మొదటి వాయిదా.

డాక్టరుగారి కారు ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడు కొన్నాడట. వాళ్లింట్లో ఇంకో కారు ఉంది, వర్క్‌షాపు ఇంటికి రెండు వీధుల అవతలే. బండి తగిన ఇంటికే చేరిందన్నాడు భాయ్.

మావాడు మొన్న నెలలో అలాంటి కారునే ఒక రోజుకి డ్రైవర్‌తో సహా అద్దెకు తీసుకున్నాడు. మామగారిని భద్రాచలం తీసుకెళ్లాడు. ఆయన ఏళ్ల తరబడి బస్సు నడిపిన దారి అది. వెనక తలుపు తీసి "కూచో నాన్నా" అన్నాడట. ఆయన ఆ సీటు చూసి, తోలు ఒకసారి చేత్తో నిమిరి, తలుపు మెల్లగా వేసి ముందు సీట్లోకి వెళ్లి కూర్చున్నారట.

"వెనక కూచుంటే రోడ్డు కనపడదురా" అన్నారట. దారి పొడుగునా ఏ మలుపు దగ్గర ఏ గేరు వెయ్యాలో డ్రైవరుకు చెబుతూనే ఉన్నారట. అది ఆటోమేటిక్ కారని ఆ అబ్బాయి భద్రాచలం వరకూ చెప్పలేదు.