ఆపరేషన్ మధ్యలో వచ్చే మాట ఆఖరి మాట కాదు

మెదడులో గడ్డకు ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ థియేటర్ బయట కూర్చున్న బంధువులు, తలుపు తీసుకుని వచ్చిన ప్రతి నర్సునూ ఆపి ఒక ప్రశ్న అడుగుతారు. "సిస్టర్, ముక్క పరీక్షలో ఏమొచ్చిందమ్మా? క్యాన్సరేనా?" దానికి అక్కడికక్కడే జవాబు చెప్పవద్దని మేము మా నర్సులకు ఎప్పుడూ చెబుతాము. ఇది కొందరికి కఠినంగా తోస్తుంది. "లోపల డాక్టర్లకు తెలిసిపోయిందట, మాకే దాస్తున్నారు" అని నొచ్చుకుంటారు. లోపల నిజంగా ఎంత తెలుస్తుందో, ఎంత తెలియదో మన పాఠకులకు వివరంగా చెబితే ఆ నొచ్చుకోవడం కొంత తగ్గుతుందని మా ఆశ.

మా వంటి ఆసుపత్రుల నుండి ఇటువంటి కేసులను కేజీహెచ్‌కో, నగరంలోని పెద్ద ఆసుపత్రులకో, వెల్లూరుకో పంపుతుంటాము. మా సిబ్బందిలో కొందరు న్యూరో థియేటర్లలో పనిచేసి వచ్చినవారే. అక్కడ జరిగేది ఇది. సర్జన్‌గారు గడ్డలోనుండి చిన్న ముక్క తీసి ఇస్తారు. దానిని సెలైన్‌తో తడిపిన గాజ్ గుడ్డలో పెట్టి, పేరు, వయస్సు, నంబరు రాసి, ఆలస్యం లేకుండా ల్యాబ్‌కు పంపాలి. ఫార్మలిన్‌లో వేస్తే ఈ తక్షణ పరీక్షకు పనికిరాదు. ల్యాబ్‌లో పాథాలజిస్టు గుండుసూది తలంత ముక్కను రెండు గాజు పలకల మధ్య నొక్కి, పక్కకు లాగి, రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తారు. దీనిని స్క్వాష్ స్మియర్ అంటారు. మెదడు మెత్తనిది గనుక ఈ పద్ధతి దానికి బాగా కుదురుతుంది. కొన్ని గడ్డలు నారలాగా గట్టిగా ఉండి నొక్కినా పరచుకోవు. అప్పుడు ముక్కను సుమారు మైనస్ 20 డిగ్రీల చలిలో గడ్డకట్టించి పలుచగా కోస్తారు. అది ఫ్రోజెన్ సెక్షన్. దానికీ ఒక ఇబ్బంది ఉన్నది. మెదడులో నీరు ఎక్కువ, ఆ నీరు మంచు కణాలై కణజాలాన్ని చీల్చి రూపం చెడగొడుతుంది. ఏ పద్ధతి అయినా చాలావరకు అరగంట లోపే ల్యాబ్ నుండి థియేటర్‌కు కబురు వస్తుంది. పుర్రె తెరిచి ఉండగా ఇంతకంటే ఎక్కువ సేపు వేచి ఉండలేరు కదా.

మరి ఆ కబురు ఎంతవరకు నిజం? ఇప్పటివరకు వెలువడిన పరిశీలనలలో ఎక్కువ భాగం, నూటికి 85 నుండి 95 కేసులలో ఇది ఆఖరి రిపోర్టుతో సరిపోతుందని చూపుతున్నాయి. సర్జన్‌కు ఇది చాలా మంచి లెక్క. ఎందుకంటే ఆయనకు ఆ సమయంలో కావలసింది గడ్డ పూర్తి పేరు కాదు. ఇది గడ్డలోని ముక్కేనా, పక్కనున్న మంచి మెదడా? పుట్టుక మెదడులోనా, లేక ఊపిరితిత్తి నుండో రొమ్ము నుండో వచ్చి చేరిందా? చీమా? టీబీయా? ఇంకా తీయాలా, ఆపాలా? ఇవి ఆయన ప్రశ్నలు. కుటుంబం అడిగేది వేరు. "ఎంత కాలం బ్రతుకుతారు? కరెంటు పెట్టాలా?" ఈ ప్రశ్నలకు ఆ అరగంట పరీక్షలో జవాబు లేదు.

తప్పు ఎక్కువగా ఎక్కడ జరుగుతుందో కూడా చెప్పాలి. మెనింజియోమా వంటి వాటిని గుర్తుపట్టడం సాధారణంగా తేలికే. గడ్డ ఎంత వేగంగా పెరిగే రకమో చెప్పే గ్రేడు దగ్గర తరచుగా తేడా వస్తుంది. అందిన ముక్క గడ్డ అంచుదైతే తీవ్రత తక్కువగా కనబడుతుంది. చచ్చిపోయిన భాగానిదైతే ఏమీ తెలియదు. నెమ్మదిగా పెరిగే గ్లయోమాకూ, ఏదో దెబ్బకు మెదడు స్పందించి దళసరి కావడానికీ తేడా చెప్పడం అనుభవజ్ఞులకే కష్టం. పైగా 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన వర్గీకరణ ప్రకారం చాలా గ్లయోమాలకు జన్యు పరీక్ష చేయనిదే పూర్తి పేరు పెట్టరాదు. పెద్దవారిలో మైక్రోస్కోపు కింద నెమ్మదైనదిగా కనబడిన గడ్డ, జన్యువులలో కొన్ని మార్పులు తేలితే నాలుగో గ్రేడు గ్లయోబ్లాస్టోమా కింద లెక్కకు వస్తుంది.

మన వైపు మాటలలో మమ్మల్ని చాలా బాధపెట్టేది ఒకటున్నది: "తెరిచి చూసి మూసేశారట." ఆ మాట వినగానే ఇంటిల్లిపాదీ ఆశ వదులుకుంటారు. కానీ ఆపరేషన్ మధ్యలో ముక్క చూసి అది లింఫోమా అని అనుమానం వస్తే, ఇంకా లోతుకు వెళ్లకుండా ఆపడమే చాలావరకు సరైన వైద్యం. దానికి ముఖ్యమైన చికిత్స కత్తి కాదు, మందులు. టీబీ గడ్డ అని తోచినా అంతే. స్కానింగులో క్యాన్సర్‌లా కనబడి, ముక్కలో టీబీ అని తేలడం మన దేశంలో వింత కాదు. నెలల తరబడి మందులు వాడితే చాలామందికి తగ్గుతుంది. అటువంటప్పుడు సర్జన్‌గారే బయటకు వచ్చి, ఎందుకు ఆపారో కుటుంబానికి చెప్పాలని మేము గట్టిగా కోరుతున్నాము. నర్సు నోట రెండు ముక్కలుగా వినే విషయం కాదిది. ఆపరేషన్ దారి మారినప్పుడు తెలుసుకునే హక్కు కుటుంబానికి తప్పక ఉన్నది. మేము వద్దంటున్నది వరండాలో నిలబడి చెప్పే "క్యాన్సరే" అనే ఒక్క మాటను.

ఆ ఒక్క మాట ఎంత దూరం వెళుతుందో మన సంఘాలవారికి తెలియనిది కాదు. బెంచీ మీద విన్నవారు ఫోన్‌లో గాజువాకకు చెబుతారు, అక్కడినుండి ప్రార్థన గ్రూపులో పెడతారు, ఆదివారం ఆరాధనలో పేరుతో సహా ప్రకటన అవుతుంది. వారం దాటాక ఆఖరి రిపోర్టు వేరుగా వస్తే దానిని ప్రకటించేవారు ఉండరు. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట ఇది ఎంత పని చేస్తుందో ఊహించండి. రోగి స్పృహలోకి రాకముందే అతని జబ్బు పేరు ఊరందరికీ తెలియడం మాకు సమ్మతం కాదు. "ఆపరేషన్ అయింది, రిపోర్టు రావాలి" అని చెప్పి కూడా ప్రార్థన కోరవచ్చును.

ఈ పరీక్షకు పునాది వేసినవారిలో ఒక స్త్రీ ఉన్నారని చదివి మేము చాలా సంతోషించాము. లూయీస్ ఐజెన్‌హార్ట్ అమెరికాలో పేరుపొందిన న్యూరో సర్జన్ హార్వీ కుషింగ్ దగ్గర రాతకోతల సహాయకురాలిగా చేరి, తరువాత వైద్యం చదివి, మెదడు గడ్డల పాథాలజీలో ఆయనే ఆధారపడేంత దిట్ట అయ్యారు. ఆపరేషన్ సమయంలోనే తాజా ముక్కను చూసి గడ్డను గుర్తించే పద్ధతిపై వారిద్దరూ 1930లో వ్యాసం ప్రచురించారు. మన దేశంలో మొదటి న్యూరో సర్జరీ విభాగం 1949లో వెల్లూరు మిషన్ ఆసుపత్రిలో డాక్టర్ జేకబ్ చాండీగారు ప్రారంభించినది. మన విశాఖ కేజీహెచ్‌లో 1950ల దశకంలోనే డాక్టర్ బాలపరమేశ్వరరావుగారి చేతుల మీదుగా ఈ విభాగం మొదలైంది. సీటీ స్కాన్ 1971లో గానీ పుట్టలేదు. అప్పటివారు పుర్రె తెరిచాకే గడ్డను మొదటిసారి చూసేవారన్నమాట.

ఇప్పుడు యంత్రాలు వచ్చాయి. అమెరికాలో 278 మంది రోగులపై జరిగి 2020లో ప్రచురితమైన పరిశీలనలో, లేజర్ కాంతితో తీసిన చిత్రాన్ని చూసి కంప్యూటర్ రెండున్నర నిమిషాల లోపే జవాబు చెప్పింది. దానికి నూటికి 94.6 వస్తే, మామూలు పద్ధతిలో పాథాలజిస్టులకు 93.9 వచ్చింది. 2023లో నెదర్లాండ్స్‌వారు ప్రకటించిన జన్యు పరీక్ష మాకు ఇంకా నచ్చింది. 25 ఆపరేషన్లలో దానిని వాడితే 18 సరిగ్గా చెప్పింది, మిగిలిన 7 విషయంలో నమ్మకంగా చెప్పలేనని ఊరుకుంది. యంత్రం "చెప్పలేను" అంటే ఒప్పుకుంటాము, పాథాలజిస్టు అదే మాట అంటే చేతకానివాడంటాము!

కుటుంబాలు చేయగలిగిన సహాయం కూడా ఉన్నది. పాథాలజిస్టుకు ముక్క ఒక్కటే చాలదు. వయస్సు, గడ్డ ఉన్న చోటు, స్కానింగులో దాని తీరు తెలిస్తే జవాబు మెరుగవుతుంది. ఆ ఫిల్ములేమో ఇంట్లో పరుపు కింద ఉంటాయి! దయచేసి పాత ఫిల్ములు, రిపోర్టులు అన్నీ తీసుకురండి. గతంలో టీబీ మందులు వాడినా, రొమ్ములో గానీ మరెక్కడైనా గానీ గడ్డ తీయించుకున్నా సిగ్గుపడక చెప్పండి. వాపు తగ్గడానికి ఊరి డాక్టరు డెక్సామెథసోన్ ఇచ్చి ఉంటే అదీ చెప్పాలి. ఆ మందుకు లింఫోమా తాత్కాలికంగా కరిగిపోయి ముక్కలో ఏమీ దొరకకపోవచ్చును. అలాగని మీ అంతట మీరు ఆ మాత్రలు ఆపకండి, అది ప్రమాదం. స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో వెల్డింగ్, గ్రైండింగ్ పని చేసినవారు ఎప్పుడైనా కంటిలో ఇనుప రజను పడి ఉంటే ఎంఆర్ఐకి ముందే చెప్పాలి. ఆ అయస్కాంతం ఇనుమును కదిలించి కంటిని దెబ్బతీయగలదు.

ఆఖరి రిపోర్టుకు సుమారు వారం పడుతుంది. ప్రత్యేక రంగుల పరీక్షలు, జన్యు పరీక్షలు అవసరమైతే ఇంకా ఎక్కువ. రేడియేషన్ కోసం అగనంపూడి హోమీ బాబా క్యాన్సర్ ఆసుపత్రికి గానీ, మరో చోటికి గానీ వెళ్లేటప్పుడు ఆ రిపోర్టుతోపాటు ముక్కను మైనంలో భద్రపరచిన బ్లాకులు, గాజు స్లైడులు కూడా అడిగి తీసుకుని వెళ్లండి. అక్కడివారు మళ్లీ చూడదలచుకుంటారు.