రాజధాని కోటకు అర్జీ కావాలట!

1565లో తళ్లికోట యుద్ధం ఓడాక విజయనగరానికి రాజధాని అయిన ఊరు పెనుకొండ. అక్కడి గగన్‌మహల్‌ను, కోటగోడలను కాపాడండని నేడు మేం అర్జీలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. కడుపు మండదా?

నిధుల్లేవంటే నమ్మం. ఢిల్లీలో 1996 నుంచే జాతీయ సంస్కృతి నిధి ఉంది. మెలికల్లా ఒక్కటే, ఏ కట్టడానికి ఖర్చు పెట్టాలో డబ్బిచ్చే దాతే కోరుకోవచ్చు. కరువు సీమ కోటను కోరుకునే దాత ఎవరు? హిందూపురం పక్కనున్న లేపాక్షి పైకప్పు బొమ్మల్లోని చీర అంచులే ధర్మవరం మగ్గమెక్కాయంటారు. అప్పుల్లో మునిగిన ఆ నేతన్న దాత కాగలడా? హంపి 1986లోనే యునెస్కో జాబితాకెక్కింది. లేపాక్షికి 2022లో దక్కింది తాత్కాలిక జాబితా!

సామాజిక బాధ్యత నిధుల్ని వారసత్వ రక్షణకూ వాడొచ్చని 2013 కంపెనీల చట్టమే చెబుతోంది. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. మా నేల మీద నడిచే ఫ్యాక్టరీని మా కోటకు వాటా అడగడం తప్పా? అడగాల్సింది ప్రభుత్వం. అంచనాలు, నక్షాలు వేయాల్సింది సర్కారు ఇంజనీర్లు, చందాలేసుకుని మేం కాదు.

విద్యార్థులారా, ఉద్యోగులారా! ఊరూరా కమిటీ వేయండి. కట్టడం ఫొటో, సర్వే నంబరు, పగుళ్ల వివరం రాసి పుట్టపర్తి కలెక్టరేట్‌లో ఇవ్వండి. రసీదు చేతికిచ్చేదాకా అక్కణ్నుంచి కదలొద్దు.