చిక్కుపడ్డ గొలుసుల కథ తెలుగులో చెప్పలేమా?



మన ఆదివారం తెలుగు తరగతిలో పద్యాలు, పాటలు నేర్పితే చాలు, సైన్సుకు ఇంగ్లీషు ఉంది కదా అని కొందరు అంటున్నారు. మేము ఒప్పుకోలేం. తెలుగు పెళ్ళికీ పూజకూ మాత్రమే మిగిలితే, మనవళ్ళ కాలానికి అది కూడా మిగలదు. కష్టమైన సంగతి కూడా ఇంటి తెలుగులో చెప్పవచ్చని చూపడానికి ఒకటి చెబుతాం.

కన్యాకుమారి జిల్లాలో రబ్బరు తోటలు చాలామంది చూసే ఉంటారు. రబ్బరు అణువు అంటే ఒకే రకం చిన్న ముక్క వేలసార్లు అతుక్కున్న గొలుసు. ఇలాంటి వాటిని పాలిమర్లు అంటారు. ద్రావకంలో కొంచెం కరిగిస్తే గొలుసులు దూరదూరంగా ఉంటాయి. ఎక్కువ కరిగిస్తే మగ్గం ఇంట్లో నూలులా చిక్కుపడతాయి. ఆ చిక్కులో ఒక గొలుసు ఎలా కదులుతుంది?

రైల్వేవాళ్ళకు ఇది సులభం. నిండిన యార్డులో పొడవాటి గూడ్సు బండి పక్కకు జరగలేదు, తన పట్టాల మీదే ముందుకో వెనక్కో పోవాలి. గొలుసు కూడా తన పొడవు వెంబడే పాములా జారుతుందని 1971లో ఫ్రాన్సు శాస్త్రవేత్త డి జెన్ చెప్పారు. 1991లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయన లెక్కలో గొలుసు పొడవు రెట్టింపైతే చిక్కులోంచి బయటపడే సమయం 8 రెట్లు. ప్రయోగాల్లో సుమారు 10 రెట్లు కనిపిస్తుంది.

కంటికి కనబడనిదాన్ని ఎలా కొలుస్తారు? ద్రావణాన్ని రెండు లోహపు పలకల మధ్య పెట్టి, దిశ మారుతూ ఉండే వోల్టేజి ఇస్తారు. రబ్బరు గొలుసులో ప్రతి ముక్కకూ ఒక పక్క కొంచెం ప్లస్, మరో పక్క కొంచెం మైనస్ ఉంటుంది. వోల్టేజి నెమ్మదిగా మారితే గొలుసులు దానితోపాటు తిరుగుతాయి. మరీ వేగంగా మారితే అందుకోలేవు. నడుమ ఒక వేగం దగ్గర విద్యుత్తు ఎక్కువగా వేడిగా మారిపోతుంది. ఆ వేగమే గొలుసు తిరగడానికి పట్టే సమయం చెబుతుంది. దీని పేరు డైఎలక్ట్రిక్ రిలాక్సేషన్. దీనికి పునాది వేసిన డిబైకి 1936లో రసాయనశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. రబ్బరు గొలుసులో ఇలాంటి వేగాలు రెండు దొరుకుతాయి. ఎక్కువ వేగం చిన్న ముక్కల కదలికది, తక్కువ వేగం మొత్తం గొలుసుది. ద్రావణం చిక్కబడేకొద్దీ మొత్తం గొలుసు కదలిక బాగా మందగిస్తుంది.

ఇదంతా తెలుగే కదా? వోల్టేజి, పాలిమర్ అలాగే ఉంచాం, దానివల్ల తెలుగుకు లోటు లేదు. అసలు ఇబ్బంది వేరే చోట ఉంది. తమిళంలో 'అణు' అంటే ఆటమ్, మాలిక్యూల్ అంటే 'మూలక్కూఱు'. తెలుగులో అణువు అంటే మాలిక్యూల్, ఆటమ్ అంటే పరమాణువు. తమిళ మీడియంలో చదివిన మావంటివాళ్ళకూ, ఇప్పటి పిల్లలకూ తెలుగు సైన్సు పుస్తకం మొదటి పేజీలోనే తికమక. ఇక్కడి బడి ఈ తేడా చెప్పదు. మనమే చెప్పాలి.

పద్యాలు ఆపమని మేము అనడం లేదు. నెలకు ఒక ఆదివారం ఒక గంట చాలు. మనలో రిటైరైన టీచర్లు, ఇంజనీర్లు, నర్సులు ఉన్నారు. ఒక్కొక్కరు తమకు తెలిసిన ఒక్క సంగతి తెలుగులో చెప్పాలి. వచ్చే సమావేశంలో ఈ మాట చర్చకు పెట్టాలని కోరుతున్నాం.