సెప్టెంబరు 30తో ముగియని వానాకాలం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు దాదాపు 180 కిలోమీటర్ల గాలులతో విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. రెండు రోజుల తరవాత దాని శేషమే నేపాల్‌లోని అన్నపూర్ణ శ్రేణుల మీద మంచు తుపానై విరుచుకుపడింది. థొరాంగ్ లా కనుమ దారిలోనూ ఆ చుట్టుపక్కలా నలభై మందికి పైగా చనిపోయారు. విశాఖ చెట్లను కూకటివేళ్లతో పెకలించిందీ, హిమాలయాల్లో మనుషుల్ని మంచులో పూడ్చిందీ ఒకే తుపాను.

శరదృతువు అంటే మనకు పిండారబోసిన వెన్నెల. వాతావరణ శాఖ పటం మీద మాత్రం అది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. సెప్టెంబరు మూడో వారానికి పశ్చిమ రాజస్థాన్ నుంచి వెనుదిరగడం మొదలుపెట్టే నైరుతి, అక్టోబరు మధ్యకల్లా దేశాన్ని ఖాళీ చేస్తుంది. ఉత్తరాన నేల చల్లబడి, గాలి పొడిబారి, కదలిక మందగిస్తుంది. అల్పపీడన ద్రోణి దక్షిణానికి జరిగి బంగాళాఖాతం చేరుతుంది. వానాకాలమంతా కింది గాలి ఒకవైపు, పైగాలి మరోవైపు బలంగా లాగుతూ తుపానులను లేవనివ్వవు. ఆ లాగుడు సడలేసరికి కింద వేడెక్కిన సముద్రం సిద్ధంగా ఉంటుంది. ఢిల్లీలో పొగ కదలకుండా నిలవడానికీ, కోస్తాలో ఇళ్ల పైకప్పులు లేచిపోవడానికీ మూలం ఈ రుతువు మార్పులోనే ఉంది. దివిసీమను ఉప్పెన ముంచింది 1977 నవంబరు 19న. కరవుసీమగా పేరుపడ్డ రాయలసీమలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది 2021లో, అదీ నవంబరు 19నే.

అయినా మన లెక్కల్లో వానాకాలం జూన్ 1న మొదలై సెప్టెంబరు 30న ముగుస్తుంది. సాధారణమా, లోటా, అధికమా అన్న తీర్పు ఆ రోజే వెలువడుతుంది. దేశం మొత్తానికి ఏడాది వానలో సుమారు మూడొంతులు నైరుతిదే కాబట్టి లెక్క తప్పని అనలేం. కానీ తమిళనాడు వానలో దాదాపు సగం కురిసేది అక్టోబరు మొదలయ్యాకే. అదేకాలంలో వరి కోతకొస్తుంది. చిత్త, స్వాతి కార్తెల్లో గోదావరి డెల్టా రైతు ఆకాశంకేసి చూసేది వాన కోసం కాదు, అది రాకూడదని.

పంజాబ్ రైతుకూ తొందరే, కారణం వేరు. భూగర్భ జలాలను కాపాడటానికి 2009లో తెచ్చిన చట్టం వరి నాట్లను జూన్‌కు జరిపింది. నాట్లు వెనక్కి జరిగితే కోతలూ జరుగుతాయి. గోధుమ విత్తడానికి రెండు మూడు వారాలే మిగులుతాయి, కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు. సరిగ్గా అప్పటికే గాలి స్తంభించి ఉంటుంది. ఢిల్లీ పొగలో వాహనాల వాటా, దుమ్ము వాటా తక్కువేం కాదు. తిట్లు మాత్రం రైతుకే ఎక్కువ. నీటిని కాపాడబోయి గాలిని పోగొట్టుకున్నామన్నది అతిశయోక్తే కావచ్చు, పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

అక్కడ గడ్డి మండుతుంటే ఇక్కడ పనలు నీళ్లలో నానుతుంటాయి. మద్దతు ధరకు ధాన్యం అమ్మాలంటే తేమ 17 శాతం దాటకూడదు. ఎండ కాసిన ఏడాదికీ, వాయుగుండం వచ్చిన ఏడాదికీ గీత ఒకటే. తమిళనాడులో కేంద్ర బృందాలు నమూనాలు పట్టుకెళ్లి సడలింపు ఇచ్చిన సందర్భాలున్నాయి. ఆలోగా కళ్లంలోని గింజ మొలకెత్తకుండా ఆగదు. బీమా ఉందిగా అంటారు. ఫసల్ బీమాలో కోసి ఆరబెట్టిన పంటకు 14 రోజుల రక్షణ ఉన్న మాట నిజమే. నష్టం జరిగిన 72 గంటల్లో రైతు సమాచారం ఇవ్వాలి. తుపాను వెలిశాక ఊళ్లో కరెంటు, ఫోన్ సిగ్నల్ రావడానికే ఒక్కోసారి అంతకంటే ఎక్కువ రోజులు పడుతుంది.