చరిత్ర చదువు మిగిలినవారికా?

పదవ తరగతి ఫలితములు వెలువడగనే మన యిండ్లలో నొక తీర్పు జరిగిపోవుచున్నది. మంచి మార్కులు వచ్చిన బిడ్డకు గణితమో, జీవశాస్త్రమో. నడిమి మార్కులవానికి వాణిజ్యము. ఏదియు దొరకనివానికి చరిత్ర, రాజనీతి, సాహిత్యము. బిడ్డ యభిరుచి యేమని యడుగువారరుదు. లోకమంతయు నిట్లే చేయుచుండ మనల నననేల యని కొందరు తలంపవచ్చును. కాని తరతరములుగా పరభాషాప్రాంతములలో నెలకొనియున్న మనకు దీనివలన కలుగు నష్టము ఇతరులకంటె నెక్కువ.

ఏ రాష్ట్రపు పాఠ్యపుస్తకమైనను ఆ రాష్ట్రపు ప్రధానభాషవారి కథనే ముందు చెప్పును. అది సహజము. మన కథను వెదకి చదువవలసినవారము మనమే. తంజావూరునే చూడుడు. 17వ శతాబ్దిలో విజయరాఘవనాయకుని యాస్థానమున రంగాజమ్మ మన్నారుదాసవిలాసమును రచించెను. నాయకుల యనంతరము ఏలిన మహారాష్ట్ర ప్రభువులలో శాహజీ (1684–1712) తానే తెలుగున యక్షగానములు వ్రాసెను. మరాఠీ ప్రభువు తమిళదేశమున తెలుగున నేల వ్రాసెను? చరిత్రయు సాహిత్యమును కలిపి చదివినవాడే దీనికి సమాధానము చెప్పగలడు. సరస్వతీమహలు గ్రంథాలయమున తెలుగు తాళపత్రములు నేటికిని కలవు. ఇంట తెలుగును, వీధిలో తమిళమును పలుకుచు పెరిగిన బిడ్డకంటె వానిని పరిశోధించుటకు తగినవారెవరు?

బడిపంతులు ఏమి సాధించునని యనువారికి గిడుగు రామమూర్తిగారు చాలును. నేటి ఒడిశాలోని పర్లాకిమిడిలో చరిత్ర బోధించుచు, ముఖలింగము శాసనములను స్వయంకృషితో చదివిరి; సవరల భాషను నేర్చి దానికి వ్యాకరణమును, నిఘంటువును కూర్చిరి.

రెండవది హక్కుల మాట. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున 350-ఎ, 350-బి అధికరణములు చేరినవి. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింప యత్నింపవలెనని మొదటిది. భాషాల్పసంఖ్యాకుల రక్షణలను విచారించుటకు ప్రత్యేకాధికారి యుండవలెనని రెండవది. 2006లో తమిళనాట తమిళాధ్యయన చట్టము వచ్చినపిమ్మట భాషాల్పసంఖ్యాకులు న్యాయస్థానముల నాశ్రయింపవలసివచ్చినది. మనలో ఇంజనీరులకు కొదువ లేదు. అధికరణమును చదివి, వినతిపత్రము వ్రాసి, సభలో నిలిచి వాదింపగలవారికే కొదువ.

కూడు పెట్టని చదువేల యని యడుగుదురు. ప్రశ్న న్యాయమైనదే. మొదటి యేండ్లలో ఇంజనీరు జీతము వీరికి రాకపోవచ్చును. అయినను న్యాయవాదవృత్తి, అధ్యాపకత్వము, పత్రికారచన, పురావస్తుశాఖ వీరికి తెరచియున్నవి. సివిల్ సర్వీసు పరీక్షలో చరిత్ర, భూగోళము, రాజ్యాంగము ముఖ్యాంశములు. తెలుగు సాహిత్యమును ఐచ్ఛికవిషయముగా గైకొనవచ్చును. మనసులేని గణితమున నలిగి మధ్యమున చదువు మానిన బిడ్డకు మాత్రము ఏ కూడు దొరకును?

అందరును చరిత్రనే చదువవలెనని మా వాదము కాదు. విజ్ఞానశాస్త్రమున మక్కువ గలవారు దానినే చదువుదురుగాక. చరిత్రయందు ప్రీతిగల తెలివైన బిడ్డను, మార్కులున్నవను కారణమున దానికి దూరము చేయరాదనుటయే మా మనవి. ఆ గ్రూపు లేని పాఠశాలలో తల్లిదండ్రులు పదిమంది కలిసి యడుగవలెను. లిపి రాని పిల్లలకు వేసవి సెలవులలో విశ్రాంత ఉపాధ్యాయులచే తెలుగు చెప్పింపవలెను. ఏటికొకసారి వారిని తంజావూరునకో, తమ యూరి చేరువనున్న శాసనస్థలమునకో కొనిపోవలెను.

ఊరికొక బిడ్డ యీ చదువు చదివినను, మన ముత్తాతల వ్రాతను మనకు చదివి చెప్పువారు మనయింటనే యుందురు.