ఏ సైటు చూశామో... గేటు దగ్గరే లెక్క!

కరామా (దుబాయ్): నెట్‌లో ఒక వస్తువు వెతికితే వారం రోజులు ఆ వస్తువు ప్రకటనే వెంటపడి రావడం ఇప్పుడు అందరికీ అలవాటైపోయింది. హైదరాబాద్ టికెట్ రేటు చూస్తే టికెట్ల ప్రకటనలు, బంగారం ధర చూస్తే నగల షాపుల ప్రకటనలు. దీనికి మనవాళ్లు గూగుల్‌నో, ఫేస్‌బుక్‌నో తిట్టుకుంటారు. తిట్టుకోవడంలో తప్పేం లేదు గానీ, ఆ తిట్లలో ఒకరి పేరు మాత్రం ఎప్పుడూ వినపడదు. నెలనెలా బిల్లు కట్టించుకుని మనకు నెట్ ఇచ్చే కంపెనీ పేరు. గూగుల్ వద్దనుకుంటే వేరేది వాడుకోవచ్చు. ఫేస్‌బుక్ మానేసినవాళ్లు మా ఫ్లాట్‌లోనే ఇద్దరున్నారు. నెట్ కంపెనీ సంగతి అలా కాదు. ఎక్కడికి వెళ్లాలన్నా దాని గుమ్మం దాటే వెళ్లాలి.

నేను సివిల్‌లో డిప్లొమా చేసి ఇక్కడ బిల్డింగ్ సైట్లలో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ని. కంప్యూటర్ చదువు చదవలేదు. కాబట్టి మా పని లెక్కలోనే చెబుతాను. ప్రతి సైటుకూ ఒక గేటు, గేటు దగ్గర సెక్యూరిటీ, అతని ముందు ఒక రిజిస్టరు ఉంటాయి. ఎవరు వచ్చారు, ఎన్నింటికి వచ్చారు, ఏ బ్లాకుకు వెళ్లారు, ఎంతసేపు ఉన్నారు... అన్నీ అందులో రాస్తారు. ఎవరి బ్యాగూ తెరిచి చూడక్కర్లేదు. ఆ రిజిస్టరును నెలరోజులు తిరగేస్తే చాలు, ఎవరు ఎవరిని కలుస్తున్నారో, ఎవరికి ఒంట్లో బాగా లేదో, ఎవరు పని మానేసే ఆలోచనలో ఉన్నారో అనుభవం ఉన్న టైమ్ కీపర్ చెప్పేస్తాడు.

నెట్ కంపెనీ దగ్గర తయారయ్యేది కూడా ఇలాంటి రిజిస్టరే. ఇప్పుడు చాలా సైట్లు హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో నడుస్తున్నాయి కాబట్టి బ్యాగులో ఏముందో, అంటే ఏ పేజీ చదివాం, ఏం టైపు చేశాం అన్నది కంపెనీకి కనపడదు. కానీ ఏ సైటుకు వెళ్లామో, ఎన్నింటికి వెళ్లామో, ఎంత డేటా వాడామో మామూలుగా కనపడుతూనే ఉంటుంది. అప్పులిచ్చే యాప్, కిడ్నీ ఆస్పత్రి, లేబర్ కేసులు చూసే లాయరు. పేరు తెలిస్తే సరిపోదా, లోపలి పేజీ ఎందుకు?

ఎక్కడెక్కడ బయటపడింది

ఈ రిజిస్టరును ప్రకటనల వ్యాపారానికి వాడుకోవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. బ్రిటన్‌లో బీటీ కంపెనీ 2006, 2007లలో ఫార్మ్ అనే సంస్థతో కలిసి వేలమంది కస్టమర్ల బ్రౌజింగ్ మీద ట్రయల్స్ చేసింది. వాళ్లకు ఒక్క మాట కూడా చెప్పలేదు. సంగతి 2008లో బయటపడి పెద్ద గొడవ అయింది. మరుసటి ఏడాది బీటీ వెనక్కి తగ్గింది. అమెరికాలో నెబ్యూయాడ్ అనే కంపెనీ 2008లో ఇదే పని చేయబోయి చట్టసభ సభ్యులు నిలదీయడంతో ఆగిపోయింది. తర్వాత వెరైజన్ ఇంకో దారి పట్టింది. కస్టమర్ ఫోన్ నుంచి వెళ్లే నెట్ ట్రాఫిక్‌కు తనే ఒక నంబరు తగిలించి పంపింది. కస్టమర్ కుకీలు చెరిపేసుకున్నా ఆ నంబరు పోదు. 2016లో అక్కడి ఎఫ్‌సీసీ ఆ కంపెనీకి 13.5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అదే ఏడాది అక్టోబరులో, అనుమతి లేకుండా బ్రౌజింగ్ వివరాలు వాడకూడదని నిబంధనలు కూడా తెచ్చింది. అవి పూర్తిగా అమలు కాకముందే 2017 ఏప్రిల్‌లో రద్దయ్యాయి. ప్రభుత్వం మారితే గోడ కూడా కూలుతుందన్నమాట.

మన దేశం సంగతీ చూద్దాం. 2015 జూన్‌లో బెంగళూరు ప్రోగ్రామర్ ఒకాయన ఎయిర్‌టెల్ 3జీలో తన సొంత వెబ్‌సైటు చూసుకుంటుంటే, తను రాయని కోడ్ అందులో కనిపించింది. దారి మధ్యలో ఎవరో చొప్పించారు. ఆ సంగతి ఆయన బయటపెడితే, ఆ కోడ్ తయారుచేసిన ఇజ్రాయెల్ కంపెనీ ఆయనకే లాయర్ నోటీసు పంపింది! కస్టమర్లు తమ డేటా వాడకం తెలుసుకోవడానికే దాన్ని పరీక్షిస్తున్నామని ఎయిర్‌టెల్ చెప్పుకుంది. అయి ఉండొచ్చు. కానీ ఇక్కడ చూడాల్సింది ఉద్దేశం కాదు, చెయ్యి ఎంతదూరం వెళ్లగలదన్నది.

దుబాయ్‌లో పాతకాపులకు 2009 జులై గుర్తుండే ఉంటుంది. ఎతిసలాత్ తన బ్లాక్‌బెర్రీ కస్టమర్లకు 'నెట్‌వర్క్ బాగుపడుతుంది' అంటూ ఒక అప్‌డేట్ పంపింది. వేసుకున్నవాళ్ల ఫోన్లు వేడెక్కాయి, బ్యాటరీలు గంటల్లో అయిపోయాయి. అది తాము పంపింది కాదని, ఫోన్లోని సమాచారాన్ని బయటికి పంపగల నిఘా ప్రోగ్రామని బ్లాక్‌బెర్రీ తయారీదారు రిమ్ కంపెనీ బహిరంగంగా ప్రకటించి, దాన్ని తీసేసే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. 3జీ కవరేజీ సమస్య కోసమే పంపామని ఎతిసలాత్ చెప్పింది. అది ప్రకటనల వ్యవహారం కాదు, నిజమే. అయితే కస్టమర్ 'ఓకే' నొక్కాడంటే అర్థమై నొక్కాడని అనుకోకూడదని ఈ ఊళ్లో మొదట తెలిసింది అప్పుడే.

మన రూముల లెక్క వేరు

ఈ గొడవ లండన్‌లో ఉన్నవాడికీ, కరామాలో బెడ్ స్పేస్‌లో ఉన్నవాడికీ ఒకటి కాదు. మొదటి తేడా, ఇక్కడ ప్రతి సిమ్ మన గుర్తింపు కార్డుతో ముడిపడి ఉంటుంది. 2012లో 'మై నంబర్, మై ఐడెంటిటీ' పేరుతో అందరి సిమ్‌లూ మళ్లీ రిజిస్టర్ చేయించారు. వెబ్‌సైటు కుకీకి మనం ఒక నంబరు మాత్రమే. నెట్ కంపెనీకి మనం పేరు, దేశం, పుట్టినతేదీ ఉన్న మనిషి. రెండో తేడా, నచ్చకపోతే మారదామంటే ఉన్నవి రెండే నెట్‌వర్కులు, ఎతిసలాత్, డు. వర్జిన్ మొబైల్ పేరుతో వచ్చినదీ డు మాతృసంస్థదే.

మూడోది రూములో ఉంది. ఒక ఫ్లాట్‌లో ఎనిమిది, తొమ్మిది మంది. వైఫై ఒకరి పేరు మీద, బిల్లు తలాకొంత. బయట ప్రపంచానికి ఆ తొమ్మిది మందీ ఒకే కుటుంబం. ఒకే ఐపీ అడ్రసు కాబట్టి ప్రకటనల కంపెనీలు చాలాసార్లు అందర్నీ ఒకే ఇంటివాళ్లుగా లెక్కగడతాయి. మా ఫ్లాట్‌లో ఏసీ టెక్నీషియన్ తమ్ముడొకడున్నాడు, నిజామాబాద్ వైపు. చెల్లెలి పెళ్లికి డబ్బు తక్కువై రెండు రాత్రులు పర్సనల్ లోన్ల కోసం నెట్ అంతా వెతికాడు. మూడో రోజు నుంచి మా అందరి ఫోన్లలో లోన్ ప్రకటనలే. "ఎవడ్రా బై, అప్పుకు తిరుగుతున్నది?" అని ఒకడు నవ్వులాటకు అడిగాడు. తమ్ముడు తల ఎత్తలేదు. అదే రూములో వాడి మేనబావ కూడా ఉన్నాడు. ఆయనకు అర్థమైంది. ఆ రాత్రే ఇంటికి ఫోన్ వెళ్లింది, 'వాడి దగ్గర డబ్బు లేదంట' అన్న మాట పెళ్లివారిదాకా చేరింది. పెళ్లి ఆగలేదు కానీ, ఆ మాటకు వాడు నెలరోజులు మాతో కలిసి తినలేదు.

ఆ ప్రకటనలు నెట్ కంపెనీ లెక్క అమ్మడం వల్ల వచ్చాయని నేననను. ప్రకటనల కంపెనీలు తమంతట తామే చేయగలిగిన పని అది. బయటివాళ్లు గోడ మీద నుంచి చూసి ఇంత పట్టేస్తే, గేటు దగ్గర కూర్చున్నవాడికి ఎంత తెలుస్తుందో అన్నదే నా ప్రశ్న. వీసా మెడికల్‌కు నెల ముందు ఛాతీ వైద్యుల సైట్లు చూసినవాడు, కంపెనీ మీద కంప్లైంట్ ఎలా ఇవ్వాలో వెతికినవాడు, ఖతర్ ఉద్యోగాల సైట్లలో తిరిగినవాడు... వీళ్లంతా ఆ రిజిస్టరులో ఉంటారు. 2021 అక్టోబరులో అమెరికా ఎఫ్‌టీసీ ఆరు నెట్ కంపెనీలను పరిశీలించి ఇచ్చిన నివేదిక, వాటిలో కొన్ని కస్టమర్లను జాతి లాంటి సున్నితమైన వివరాలతో గుంపులుగా విడదీసి ప్రకటనలకు వాడుతున్నాయని తేల్చింది. ఇక్కడ అలా జరుగుతోందని చెప్పడం లేదు. జరగకుండా ఆపేది ఏమిటన్నదే చూడాలి.

వీపీఎన్ వేసుకుంటే పోలా?

సైట్లో కుర్రాళ్లు వెంటనే చెప్పే మందు ఇది. ఇంటికి వీడియో కాల్ కోసం సగంమంది ఫోన్లలో ఏదో ఒక ఉచిత వీపీఎన్ ఉంటుంది. రెండు సంగతులు చెప్పాలి. ఇక్కడి సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, నేరం బయటపడకుండా దాచడానికో వీపీఎన్ వాడితే 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హాముల జరిమానా, లేదా జైలు, లేదా రెండూ. తక్కువలో తక్కువ 5 లక్షల దిర్హాములంటే మన రూపాయల్లో కోటి దాటుతుంది. వీపీఎన్ ఉండటమే నేరం అని చట్టం అనలేదు కానీ, ఎక్కడ గీత దాటామో తేల్చేది మనం కాదు.

రెండోది, వీపీఎన్ అంటే గేటు లేకపోవడం కాదు, ఇంకో గేటు. ఆ రిజిస్టరు ముక్కూమొహం తెలియని మరొకరి చేతికి వెళుతుంది. ఒనావో అనే ఉచిత వీపీఎన్‌ను ఫేస్‌బుక్కే కొనుక్కుని, జనం ఏ యాప్‌లు వాడుతున్నారో దాంతో తెలుసుకుంది. 2018లో ఆపిల్ దాన్ని స్టోర్ నుంచి తీయించింది. రక్షణ కోసమని జనం వేసుకునే అవాస్ట్ యాంటీవైరస్ సంస్థ బ్రౌజింగ్ వివరాలు అమ్మినందుకు 2024లో ఎఫ్‌టీసీ 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. ఊరికే వచ్చేదానికి బిల్లు ఇంకోచోట పడుతుంది.

అనుమతి ఏ భాషలో?

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. ఉత్తరాలు, ఇతర సమాచారాల గోప్యతకు యూఏఈ రాజ్యాంగం 31వ అధికరణమే హామీ ఇస్తుంది. కస్టమర్ వివరాలను సేవతో సంబంధం లేని వేరే సంస్థకు ఇవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలని టెలికం నియంత్రణ సంస్థ టీడీఆర్ఏ నిబంధనలు చెబుతాయి. వ్యక్తిగత డేటా రక్షణకు 2021 నాటి 45వ నంబరు ఫెడరల్ చట్టం 2022 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. వేళాపాళా లేని మార్కెటింగ్ కాల్స్ మీద 2024 ఆగస్టు నుంచి గట్టి నిబంధనలు వచ్చాయి. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 లోపే చేయాలి, వద్దన్నవాడికి ఆ రోజు మళ్లీ చేయకూడదు, ఉల్లంఘిస్తే లక్షన్నర దిర్హాముల దాకా జరిమానా. దీనివల్ల మేలే జరిగింది.

అయితే ఈ చట్టాలన్నీ వచ్చి ఆనేది 'అనుమతి' అన్న ఒక్క మాట మీదే. ఆ అనుమతి మనవాడు ఎలా ఇస్తున్నాడు? సోనాపూర్ క్యాంపు దగ్గర్లోని మొబైల్ షాపులో, జీతం పడ్డ సాయంత్రం, వెనక పదిమంది లైన్లో ఉండగా. ఎదురుగా ఉన్నది అరబిక్, ఇంగ్లీషు. జగిత్యాల నుంచో, సిరిసిల్ల నుంచో, కడప నుంచో పదో తరగతి దాకా చదివి వచ్చినవాడు అందులో ప్రకటనల గడి ఏదో, సర్వీసు గడి ఏదో ఎలా పోల్చుకుంటాడు? షాపతను చూపించినచోట వేలు పెడతాడు. చట్టం దృష్టిలో అది అనుమతి అయిపోతుంది.

ఇండియా చట్టం ఈ ఒక్క విషయంలో మంచి పని చేసింది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం అనుమతి అడిగే నోటీసును ఇంగ్లీషులోగానీ, ఎనిమిదో షెడ్యూల్లోని 22 భాషల్లో దేనిలోగానీ చదువుకునే వీలు కల్పించాలి. అందులో తెలుగు ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమలవుతాయి. ఊళ్లో మన నాన్నకో అమ్మకో రేపు ఆ హక్కు ఉంటుంది. దుబాయ్‌లో కొన్న సిమ్‌కు మాత్రం ఆ చట్టం వర్తించదు. దేశం బయట జరిగే వ్యవహారంలో అది పట్టేది ఇండియాలో ఉన్నవాళ్లకు వస్తువులు, సేవలు అందించే కంపెనీలనే. మనది ఇక్కడి చట్టమే.

ఇక్కడ ఇది అసాధ్యమేం కాదు. 2016 నుంచి ఉద్యోగ ఆఫర్ లెటరును అరబిక్, ఇంగ్లీషులతో పాటు కార్మికుడికి అర్థమయ్యే మూడో భాషలో ఇవ్వాలని కార్మిక శాఖ రూలు పెట్టింది. హిందీ, ఉర్దూ, బెంగాలీ, మలయాళం, తమిళం అందులో చేరాయి. అప్పుడు ప్రకటించిన 11 భాషల్లో తెలుగు లేదు! ఇన్ని వేలమంది మనవాళ్లుండీ లేదు. అప్పట్లో మన సంఘాలు ఉగాదికి హాలు బుక్ చేయడంలో చూపిన శ్రద్ధ దీనిమీద చూపి ఉంటే బాగుండేది. ఆఫర్ లెటరుకు చేసిన ఏర్పాటు సిమ్ ఫారానికి చేయమని అడగడం పెద్ద కోరికేం కాదు. ఒక పేజీ, అందులో రెండు విడి గడులు: సర్వీసుకు ఒకటి, ప్రకటనలకు ఒకటి. రెండోది ఖాళీగా వదిలినా సిమ్ ఇవ్వాలి. తెలుగు సంఘాలు కాన్సులేట్ ద్వారా టీడీఆర్ఏకు ఈ విన్నపం పంపొచ్చు.

అందాకా మన చేతిలో ఉన్నవి చిన్న పనులే. సిమ్ కొన్నప్పుడు ప్రమోషన్ల అనుమతి తీసేయమని కౌంటర్లో నోరు తెరిచి అడగాలి. ఇప్పటికే ఇచ్చి ఉంటే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి వెనక్కి తీసుకోవచ్చు. ఆండ్రాయిడ్ సెట్టింగుల్లో అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేసుకుంటే ప్రకటనల కంపెనీల చూపు కొంత తగ్గుతుంది, నెట్ కంపెనీ రిజిస్టరు మాత్రం తగ్గదు. వైఫై ఎవరి పేరు మీద ఉందో ఆ అన్న రూమువాళ్లను ఒకసారి కూర్చోబెట్టి, కనెక్షన్ తన పేరు మీద ఉందని, ఎవరేం చూసినా రిజిస్టరులో పడేది తన పేరేనని చెప్పాలి. మా ఫ్లాట్‌లో ఆ మాట చెప్పాక, లోన్ల వెతుకులాటలు, ఆస్పత్రి వెతుకులాటలు సొంత సిమ్ డేటాకు మారాయి. నెలకు పది, పదిహేను దిర్హాములు ఎక్కువ పడుతోందని అందరూ సణుగుతూనే ఉన్నారు.