విశాఖ చూడ్డమా, ఊరెళ్లడమా?

తోర్వా రైల్వే కుటుంబాలకు సముద్రం ఒక్క రాత్రి ప్రయాణం. తాతకు అది సొంతూరు, మనవడికి పిక్నిక్.

వేసవి సెలవులు దగ్గరపడగానే బిలాస్‌పూర్‌లోని తోర్వాలో తెలుగు ఇళ్లన్నిట్లో ఒకటే ప్రశ్న: కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్‌లో బెర్తులు దొరికాయా? ఆ రోజులకు అర్పా నదిలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ. పిల్లలకు సముద్రం కావాలి. పెద్దల జాబితా వేరు. సింహాచలం మొక్కు తీర్చాలి, ఒక సంబంధం మాట్లాడాలి, పనిలో పనిగా కేజీహెచ్‌లో మోకాళ్లు చూపించుకోవాలి. రిటైరైన తాతగారి రైల్వే పాసు ఇలాంటప్పుడే పనికొస్తుంది.

ఈ కుటుంబాల్లో చాలామంది పెద్దలు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చినవారే. వాళ్లు రాకపోకలు సాగించిన దారికీ విశాఖ రేవుకూ పుట్టుకతోనే సంబంధముంది. విజయనగరం-రాయ్‌పూర్ లైను 1931లో పూర్తయింది. రెండేళ్లకే, 1933లో, ఓడరేవు తెరుచుకుంది. సెంట్రల్ ప్రావిన్సెస్ మాంగనీసును సముద్రానికి చేర్చడమే ఆ ఏర్పాటు వెనకున్న పెద్ద లెక్క. తర్వాత 1960ల్లో బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం కొత్తవలస-కిరండూల్ లైను వచ్చింది. ఛత్తీస్‌గఢ్ ఖనిజం ఇప్పటికీ విశాఖలోనే ఓడెక్కుతుంది.

రైలు సాయంత్రం బిలాస్‌పూర్ దాటుతుంది. రాయ్‌పూర్, మహాసముంద్ దాకా బోర్డులు హిందీలో ఉంటాయి. టిట్లాగఢ్, రాయగడల్లో ఒడియా కనిపిస్తుంది. తెల్లవారుజామున పార్వతీపురంలో తెలుగు అక్షరాలు మొదలవుతాయి. "ఏం వూరొచ్చిందిరా?" అని నానమ్మ అడిగితే మనవడు బోర్డు మీద ఇంగ్లీషు పేరు వెతుక్కుంటాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు. చదవడం రాదు. హిందీ మీడియంలోనో, ఇంగ్లీషు మీడియంలోనో చదివే పిల్లాడికి తెలుగు అక్షరాలు నేర్పే తీరిక ఎవరికీ దొరకలేదు.

విశాఖలో వారం రోజులు ఇట్టే గడిచిపోతాయి. ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి పిల్లలకు మొదటి వింత. 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన ఆ నౌక 2002 నుంచి మ్యూజియంగా ఉంది. లోపలి ఇరుకు చూస్తే స్లీపర్ బోగీ రాజభవనంలా అనిపిస్తుంది. అక్కడే ఓ జాగ్రత్త అవసరం. అర్పాలో మోకాలిలోతు నీళ్లు చూసిన పిల్లలకు అలల లాగుడు తెలియదు. ఆ తీరంలో ప్రాణాలు పోయిన సందర్భాలు ఎన్నో. కాళ్లు తడుపుకుని వెనక్కి రావడమే మేలు.

చాలామంది చూడకుండా వచ్చేసేది రేవు పక్కనున్న పాత పట్నాన్ని. అక్కడ మూడు కొండలు వరుసగా ఉంటాయి. ఒకదానిమీద వెంకటేశ్వరస్వామి గుడి, ఒకదానిమీద చర్చి, ఇంకోదానిమీద దర్గా. పైనుంచి చూస్తే ఓడలు, క్రేన్లు, గూడ్సు బళ్లు ఒక్కచోటే కనిపిస్తాయి. తాతగారి ఉద్యోగం గురించి మనవడికి చెప్పాలంటే అంతకంటే మంచి చోటు దొరకదు. ఆయన పనిచేసిన రైల్వేకు సముద్రం దాకా దారెందుకు కావలసి వచ్చిందో అక్కడ కళ్లముందే ఉంటుంది.

చుట్టాల ఇంట్లో మాత్రం చిన్న చివుక్కు తప్పదు. తోర్వాలో "ఆంధ్రావాళ్లు" అనిపించుకున్నవాళ్లు ఇక్కడ "బిలాస్‌పూర్ వాళ్లు" అవుతారు. పిల్లల యాసకు నవ్వులు, "మళ్లీ ఎప్పుడెల్తారు?" అన్న పలకరింపు. ముసలివాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతుంటే దిగడానికి ఇళ్లూ తగ్గుతున్నాయి. కొన్ని కుటుంబాలు ఇప్పటికే లాడ్జిలో దిగుతున్నాయి. ఆ తర్వాతి తరానికి విశాఖ అంటే గోవాలాంటి మరో బీచ్.

2024 సెప్టెంబరులో దుర్గ్-విశాఖ వందేభారత్ మొదలైంది. ప్రయాణం పగటిపూటకు మారింది, వేగం పెరిగింది. రైలు చేయగలిగింది అంతవరకే.

తిరుగు ప్రయాణంలో సంచుల నిండా మాడుగుల హల్వా, మామిడి తాండ్ర, పూర్ణా మార్కెట్ ఎండుచేపలు ఉంటాయి. ఈసారి వాటి పక్కన ఓ పెద్ద బాలశిక్ష కూడా పెట్టుకుంటే బరువేమీ పెరగదు. వచ్చే వేసవికి నానమ్మ అడిగినప్పుడు బొబ్బిలి వచ్చిందని పిల్లాడే తెలుగులో చదివి చెబుతాడు.